పిచ్ లేక్‌ని తెలుగులో ఏమనాలి, తారు సరస్సా తారు చెరువా?

కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ దీవి స్పెయిన్ కింద ఒక ప్రొవిన్సియాగా (అంటే ఆ సామ్రాజ్యంలో ఒక పాలనా భాగంగా) ఉన్న రోజుల గురించి రాస్తున్నా, ఒక్క మాట దగ్గర ఆగిపోయా. దీవికి నైరుతి మూల లా బ్రేయా అనే ఊరుంది, స్పానిష్‌లో బ్రేయా అంటేనే తారు. పిచ్ లేక్ అక్కడిదే, దాదాపు 100 ఎకరాల్లో తారు తనంతట తనే నేల్లోంచి ఊరుతుంది, చాలాచోట్ల పైన నడవొచ్చు కూడా. సరస్సు అని రాస్తే తామరలూ హంసలే కళ్ళ ముందుకొస్తున్నాయి. చెరువంటే మనం గట్టు కట్టుకున్నది, ఇది ఎవరూ కట్టింది కాదు. ఏం రాయాలి?

↳ మడుగు అని రాయి అన్నా. ఎవరూ తవ్వకుండ నిలిచిందే మడుగు, చిక్కగున్నా నప్పుతది, నెత్తురు మడుగు అంటం కద. ఇంకోటి, మా దిక్కు తారు అనరు, డాంబర్ రోడ్, డాంబర్ గోలీలు, అన్నీ డాంబరే. గా దీవి డాంబర్ అమ్ముకునే బతికిందా మరి?

↳ మడుగు భలే కుదిరింది తమ్ముడూ! లేదు, అప్పట్లో తారు మీద వ్యాపారమంటూ పెద్దగా లేదు. 1595లో ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ వచ్చి ఆ తారుతో తన ఓడల చెక్కల సందులు పూడ్చుకున్నాడు, ఎండకి కరగదని మెచ్చుకున్నాడు కూడా, అదే రాకలో రాజధాని శాన్ హోసేని తగలబెట్టాడు. స్పెయిన్ వాళ్ళకి ఆదాయమంటే కోకోనే, అది 1720ల్లో దెబ్బతినేసరికి దీవి పేదదైపోయింది, తర్వాత బయట్నుంచి తెచ్చిన రకం పాత మొక్కలతో కలిసి పుట్టిన కోకోనే ఇవాళ చాక్లెట్ వాళ్ళు ట్రినిటారియో అంటారు, అంటే దీవి పేరు గింజకి అంటుకుంది! 1783లో కాథలిక్కులైతే చాలు వేరే దేశాల వాళ్ళకైనా భూమి ఇస్తామని రాజు ఆజ్ఞ ఇచ్చాక ఫ్రెంచి తోటల యజమానులు బానిసల్ని వెంటబెట్టుకుని దిగారు, ఎంతమంది బానిసలుంటే అంత ఎక్కువ భూమి, చదువుతుంటే కడుపు రగిలిపోతుంది. అలా చెరకు వేళ్ళూనింది, 1797లో ఇంగ్లీషు వాళ్ళు వచ్చి పట్టుకునేటప్పటికి జనాభాలో సగం పైగా బానిసలే.

తారు మడుగు ఖాయం, మీ డాంబర్ కూడా పక్కన రాస్తా. ఇక ప్రొవిన్సియాకి మాట చెప్పండి, రాష్ట్రం అంటే ఇప్పటి మన రాష్ట్రాల్లా అనుకుంటారు, సూబా అంటే మొగలులు గుర్తొస్తారు, పరగణా మరీ చిన్నది.