మా పిల్లలు కళ్ళు అంటే కల్లు అని రాస్తుండ్రు, నోట్ల నాలుక యాడ తాకుతదో చూసేదెట్ల?

అచ్చంపేట టీచర్:
అందరికి నమస్తే. నేను అచ్చంపేట దిక్కు ఒక సర్కారు బడిల మూడో తరగతికి చెప్త. నిన్న డిక్టేషన్‌ల "తాత కళ్ళు ఎర్రగా ఉన్నాయి" అని చెప్తే సగానికి ఎక్కువ మంది కల్లు అని రాసిండ్రు. నేను ళ ఒత్తి ఒత్తి చెప్పిన, వాళ్లు నా మూతి దిక్కే చూస్తుండ్రు గని పెదవులు కదలవాయె, పని అంత లోపలనే అయితది. తోటి సారు ఒకాయన పిల్లల ముందరనే "వీళ్లవి మందం నాలుకలు, తిరగవు" అన్నడు, నాకు శాన బాధయింది. మాటల మీద రీసెర్చ్ చేసేటోళ్లు నోట్ల ఏం జరుగుతుందో ఎట్ల చూస్తరు? మనం చేసుకునే తరీక ఏమన్న ఉన్నదా?

దేవరకొండ పిల్లగాడు:
అక్కా, నేను లింగ్విస్టిక్స్ చదువుతున్న. పెద్ద ల్యాబులల్ల అయితే గదవ కింద అల్ట్రాసౌండ్ పెట్టి నాలుక కదిలేది చూస్తరు, ఎమ్మారై వీడియో తీస్తరు, అంగిలికి సరిపోయే ప్లాస్టిక్ అచ్చుల 62 ఎలక్ట్రోడ్లు పెట్టి నాలుక ఎక్కడ తాకిందో కంప్యూటర్ల చూసేది కూడ ఉన్నది. ఇంట్ల చేసేది మాత్రం పాత తరీక. మెడికల్ షాపుల దొరికే బొగ్గు పొడి మంచినూనెల కలిపి నాలుకకు రాసుకొని ఒక్క మాట ఒక్కసారి అని, నోట్ల చిన్న అద్దం పెట్టి ఫోటో తీసుకోవాలె, తాకిన కాడ అంగిలికి నల్లగ అంటుతది. బల్ల, బళ్ళ అనే మాటలు తీసుకో, బ పెదవులతోనే పలుకుతది కాబట్టి మచ్చ ల, ళ లదే పడ్తది. పిల్లలకు పూయకు, నువ్వే చేసి ఫోటోలు చూపియ్యి.

నల్లగొండ స్పీచ్ థెరపీ:
మేడం, ఆ పిల్లలు ఇంట్ల కళ్ళు అంటరా, కండ్లు అంటరా? మన దిక్కు కండ్లు, పండ్లు, ఇండ్లు అనే కదా అంటం. కండ్లు అన్నప్పుడు ండ కాడ నాలుక ఎనకకు మడుగుతనే ఉన్నది, మరి తిరగనిది ఏది? కళ్ళు వాళ్లకు పుస్తకంల మాట, అంతే. ముందుగాల "బండి" అనిపియ్యండి, డ కాడ నాలుక ఆపి అట్లనే ఉంచి పక్కల నుంచి గాలి వదలమనండి, ళ వస్తది. సరిగ్గ వచ్చిందా లేదా తెల్వాలంటే నాలుక కదపకుండ గాలి లోపలికి పీల్చమనండి, నాలుక రెండు పక్కల చల్లగ తగులుతది.

అచ్చంపేట టీచర్:
రాత్రి చేసిన తమ్ముడు. బల్లకు మచ్చ పై పండ్ల ఎనకాలనే మంచిగ పడ్డది. బళ్ళకు అంగిలి మీద సన్నగ గీత లెక్క తప్ప ఏం పడలే, రెండుసార్లు కడుక్కొని మళ్ల రాసిన, అదే.

దేవరకొండ పిల్లగాడు:
నాలుక పైనే రాసినవా? కింది వైపు కూడ రాయాలె అక్కా. 1983ల మాటల ధ్వనుల మీద రీసెర్చ్ చేసిన లాడెఫోగెడ్, మన పేరి భాస్కరరావు గారు కలిసి ఎక్స్‌రేలు చూస్తే తేలింది అదే, ట, డ లు పలికేటప్పుడు హిందీ వాళ్ల నాలుక కొన చిగుర్ల ఎనకకే తాకుతది, తెలుగు, తమిళం వాళ్లది ఇంక మడిచి నాలుక కింది భాగం అంగిలికి తాకుతది.

అచ్చంపేట టీచర్:
అవును!! కింద రాస్తే ఇంత పెద్ద మచ్చ పడ్డది, అది కూడ ల మచ్చకు శాన ఎనకాల. ఇన్నేండ్లు పలుకుతున్న గని నా నాలుక అంత మడుగుతదని నాకే తెల్వదు. పొద్దున రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించి, బండి కాడికెళ్లి మొదలు పెట్టిచ్చిన, ముందు బెంచిల పిల్ల గాలి పీల్చి "టీచర్, పక్కలకు సల్లగ కొడ్తుంది" అన్నది, అంతే, క్లాసంత పీల్చుడే. మరి ణ ఎట్ల? వీణను వీన అంటరు.

నల్లగొండ స్పీచ్ థెరపీ:
దానికి చల్లగాలి పని చేయదు మేడం, ణ గాలి ముక్కుల నుంచి పోతది. మళ్ల బండి కాడికే పోండి, అండ్ల సున్న ఉన్నది కదా, పలికేటప్పుడు అది ణ నే. బండి అనబోయి ఆ సున్న కాడ సాగదీయమని, డ అనకుండ ఆపమనండి, పెదవులు మాత్రం మూయొద్దు.