హిచ్‌కాక్ మూకీ ‘ది రింగ్’: మిగతాది చూడమంటారా?

సగంరీలు:
1927 నాటి ‘ది రింగ్’ మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. బాక్సింగ్ సినిమా కదా అని కూర్చుంటే జాతర గుడారం, టికెట్లమ్మే అమ్మాయి, ఆమె కోసం ఇద్దరు మగాళ్లు. ఫైట్లలో మనుషులు గబగబా గెంతుతున్నారు, దెబ్బ తగిలినట్టే లేదు. మిగతాది చూడమంటారా?

కార్నర్‌మామ:
తప్పకుండా చూడండి, ముందు ఆ కాపీ మార్చండి. మూకీల వేగం ఒక్కోదానికి ఒక్కోలా ఉండేది. అన్నిటినీ ఇప్పటి వేగంతో తిప్పేస్తే గెంతులే కనిపిస్తాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2012లో బాగుచేసిన ప్రింట్ వెతకండి.

నేను పిల్లలకు బాక్సింగ్ నేర్పుతాను. నా కళ్లు ముందు కాళ్ల మీదికే పోతాయి. హీరో కార్ల్ బ్రిసన్ నటుడు కాకముందు బాక్సరే, ఆ నిలబడే తీరు నేర్పితే వచ్చేది కాదు.

ఇక దెబ్బ అంటారా, ఈ సినిమాలో అది వస్తువుల్లో తగులుతుంది. గుడారంలో బ్రిసన్ వేసిన జాక్ ఎవరొచ్చినా ఒక్క రౌండులో పడగొట్టేస్తాడు. ఆ రోజు జనంలోంచి వచ్చినవాడు ఆస్ట్రేలియా ఛాంపియన్ బాబ్ అని అతనికి తెలియదు. రౌండ్ అయిపోతుంది, వాడు పడడు. ఎన్నో రౌండో చూపించే ఒకటో నంబరు అట్ట మాసి, అంచులు నలిగి ఉంటుంది. దాన్ని తీసి రెండో నంబరు పెడతారు. కొత్తది, మరక లేదు! ఆ అవసరం ఇన్నాళ్లూ రాలేదన్నమాట. జాక్‌కి గట్టివాడు తగిలాడని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

తర్వాత జాక్ గెలిచి ఇంట్లో స్నేహితులకు షాంపేన్ పోస్తాడు. భార్య, అంటే ఆ టికెట్లమ్మే అమ్మాయి, వచ్చాక తాగుదామని ఆగుతారు. ఆమె రాదు. గ్లాసుల్లో నురగ చచ్చిపోతుంది. నా దగ్గర గెలిచిన పిల్లలు రిఫరీ చెయ్యెత్తగానే ముందు తనవాళ్లు కూర్చున్నవైపే చూస్తారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే పతకం మెడలో పడినా మొహం వెలగదు. అందుకే ఆ సీన్ నాకు ఏ నాకౌట్‌కన్నా గట్టిగా తగిలింది.

పాతబొమ్మలు:
పోస్టర్లు వదిలెయ్యకండి. జాక్ గెలిచేకొద్దీ అతని పేరు పోస్టర్‌లో పైపైకి పోతుంది, వెనక రుతువులు మారిపోతుంటాయి. పార్టీలో భార్య మీద జాక్‌కి అనుమానం ముదిరేకొద్దీ పియానో మెట్లు సాగిపోవడం కూడా చూడండి.

సగంరీలు:
అట్ట సీన్ చూశాను గానీ పట్టించుకోలేదు! చివరి ఫైట్ బాగుంటుందా? ముగింపు చెప్పినా పర్లేదు.

కార్నర్‌మామ:
లండన్ ఆల్బర్ట్ హాల్లో బాబ్‌తోనే. దెబ్బతిన్న జాక్ కళ్లలోంచి చూపిస్తారు, దీపాలు మసకబారిపోతాయి. నా టెన్షన్ మాత్రం రౌండ్ల మధ్య ఆ నిమిషం మీదే. అప్పుడు బాక్సర్‌కు ఎవరి మాట చెవికెక్కితే వాళ్లదే ఫైట్. అప్పటిదాకా బాబ్ వైపున్న జాక్ భార్య లేచి జాక్ మూలకి వచ్చేది ఆ విరామంలోనే. అక్కడిదాకా ఆపకండి.