రూట్ నిండిపోయింది, హోమ్ ఖాళీగా ఉంది: ఎల్‌వీఎంలో సర్దుబాటు ఎలా?

రాత్రిషిఫ్టు:
నా దగ్గరున్న లినక్స్ సర్వర్‌లో డిస్క్ చోటును వాల్యూములుగా పంచే ఎల్‌వీఎం వాడుతున్నాను. పంచడానికి ఉన్న ఉమ్మడి చోటు, అంటే వాల్యూమ్ గ్రూప్, మొత్తం 476 జీబీ. ఇన్‌స్టాల్ చేసిన రోజున సిస్టమ్ ఉండే రూట్‌కు 70, మెమరీ చాలనప్పుడు వాడే స్వాప్‌కు 8 ఇచ్చి, మిగిలిన 398 జీబీని యూజర్ల ఫైళ్లుండే హోమ్‌కు కట్టబెట్టాను. ఇప్పుడు రూట్ 96 శాతం నిండింది, హోమ్‌లో వాడుతున్నది 22 జీబీ మాత్రమే. గ్రూప్ వివరాలు చూపే వీజీఎస్ కమాండ్ కొడితే ఖాళీ గడిలో సున్నా కనిపిస్తోంది. రెండూ ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లే. హోమ్ నుంచి ఒక 40 జీబీ తీసి రూట్‌కు కలపాలన్నది నా ఆలోచన. ఇలాంటి పని చేసినవారు తమ అనుభవం చెప్పగలరు.

పాతకీబోర్డు:
సైజులు మార్చే ముందు ఒక్క విషయం చూడండి. రూట్‌లో ఎంత చోటు నిండిందని డీఎఫ్ కమాండ్ చెబుతున్న అంకె, ఫైళ్ల సైజులు కూడే డీయూను మైనస్ ఎక్స్‌తో (ఆ ఒక్క ఫైల్ సిస్టమ్‌కే పరిమితం చేసి) నడిపినప్పుడు వచ్చే మొత్తం దాదాపు సరిపోలుతున్నాయా? రెంటి మధ్య పెద్ద తేడా ఉంటే, ఎవరో తొలగించిన లాగ్ ఫైలును ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి పట్టుకుని ఉన్నట్టు. ఫైలు పేరు పోతుంది కానీ, ఆ ప్రాసెస్ దాన్ని మూసేదాకా డిస్క్‌లోని చోటు విడుదల కాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కు ప్లస్ ఎల్1 జోడిస్తే అలాంటి ఫైళ్లన్నీ బయటపడతాయి.

రాత్రిషిఫ్టు:
పాతకీబోర్డు గారూ, మీరు ఊహించినట్టే జరిగింది. డీఎఫ్ 67 జీబీ అంటోంది, డీయూ లెక్క 41 దగ్గర ఆగింది. తీరా చూస్తే ఒక జావా సర్వీసు ఎప్పుడో తొలగించిన లాగ్‌ను పట్టుకుని కూర్చుంది. దాన్ని రీస్టార్ట్ చేయగానే వాడకం 59 శాతానికి దిగింది. అయితే రూట్‌లోని వార్ (var) డైరెక్టరీ కింద ఉన్న డేటాబేస్ వారం వారం పెరుగుతూనే ఉంది కాబట్టి, ఊపిరి తీసుకునే వ్యవధి దొరికిందే తప్ప అసలు సమస్య తీరలేదు.

ఎక్స్‌టెంట్:
అయితే అసలు సంగతికి వద్దాం. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ను నడుస్తుండగానే పెంచవచ్చు గానీ, ఆచరణలో కుదించే దారి లేదు. ఈఎక్స్‌టీ4 అనే మరో రకం ఫైల్ సిస్టమ్ అయితే అన్‌మౌంట్ చేసి (వాడకం నుంచి తప్పించి), తనిఖీ చేయించి కుదించేవారం. కాబట్టి హోమ్‌ను చిన్నది చేయడమంటే దాన్ని తీసేసి మళ్లీ కట్టడమే. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌డంప్‌తో హోమ్ మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి దింపుకోండి, ఆ డంప్ నుంచి రెండు మూడు ఫైళ్లను మరోచోటికి తీసి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి, ఆ తరువాతే వాల్యూమ్‌ను తీసేసే ఎల్‌వీరిమూవ్ జోలికి వెళ్లండి. 22 జీబీయే కాబట్టి ఇదేమీ రాత్రంతా పట్టే పని కాదు. కొత్త హోమ్‌కు 60 జీబీ చాలు. రూట్‌ను ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో పెంచేటప్పుడు మైనస్ ఆర్ జోడిస్తే ఫైల్ సిస్టమ్ కూడా వెంటనే పెరుగుతుంది, విడిగా మరో కమాండ్ అక్కరలేదు.

మిగిలిన చోటు మాటేమిటంటారా? దాన్ని ఎవరికీ ఇవ్వకండి. వాల్యూమ్ గ్రూప్‌లోనే ఊరికే పడి ఉండనివ్వండి. ఖాళీ కనిపిస్తే పంచేయాలనిపించడం సహజమే, నేనూ నూరు శాతం ఫ్రీ అని కొట్టి మురిసిపోయినవాడినే. కానీ గ్రూప్‌లో ఉన్న ఖాళీని ఏ వాల్యూమ్‌కు కావాలంటే దానికి అరనిమిషంలో ఇవ్వగలం. ఒకసారి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు ఇచ్చాక దాన్ని తిరిగి రాబట్టడానికి ఇదిగో, ఇంత తతంగం.

రెండోడిస్కు:
ఇంత శ్రమ ఎందుకు, కొత్త డిస్క్ పెట్టి పీవీక్రియేట్, వీజీఎక్స్‌టెండ్ కమాండ్లతో గ్రూప్‌లో చేరిస్తే ఐదు నిమిషాల పని కదా అని కొందరికి అనిపించవచ్చు. నేను సరిగ్గా అదే చేశాను. ఏడాది తిరగకుండానే ఆ రెండో డిస్క్ పాడైంది, రూట్ వాల్యూమ్ సగం దాని మీదే ఉంది. మామూలు లీనియర్ వాల్యూమ్‌ను రెండు డిస్కుల మీద పరిస్తే చోటు పెరుగుతుంది, భద్రత మాత్రం తగ్గుతుంది, ఎందుకంటే రెంటిలో ఏది పోయినా ఫైల్ సిస్టమ్ పోయినట్టే. కింద రెయిడ్ (ఒక డిస్క్ పోయినా డేటా నిలిచే ఏర్పాటు) ఉంటే ఆ దారి పట్టండి, లేకపోతే వద్దు. డిస్క్‌నే పెద్దదానితో మార్చాలనుకుంటే అది వేరే సంగతి: కొత్తది చేర్చి, పీవీమూవ్‌తో ఎక్స్‌టెంట్లన్నీ (ఎల్‌వీఎం చోటును విభజించే ముక్కలన్నీ) దాని మీదికి తరలించి, పాతదాన్ని గ్రూప్ నుంచి తప్పించవచ్చు. సర్వీసులు ఆపనక్కరలేదు. మధ్యలో కరెంటు పోయినా, మళ్లీ పీవీమూవ్ కొడితే ఆగిన చోటి నుంచి సాగుతుంది.

ప్లస్‌గుర్తు:
నా అనుభవం ఒక్క అక్షరానికి సంబంధించినది. 200 జీబీ ఉన్న ఈఎక్స్‌టీ4 వాల్యూమ్ నుంచి 20 తగ్గించాలనుకుని, సైజు ముందు మైనస్ గుర్తు పెట్టడం మరిచి ఎల్‌వీరెడ్యూస్ కొట్టాను, అడిగిన ప్రశ్నకు అలవాటుగా వై నొక్కాను. వాల్యూమ్ 20 తగ్గలేదు, 20 దగ్గరకు వచ్చి ఆగింది. పైగా ఫైల్ సిస్టమ్‌ను ముందుగా కుదించనే లేదు. మౌంట్ చేయబోతే, బ్లాకుల సంఖ్య పరికరం సైజును మించిపోయిందని మొరాయించింది.

నన్ను కాపాడింది ఈటీసీ కింద ఎల్‌వీఎం డైరెక్టరీలోని ఆర్కైవ్. అమరికను మార్చే ప్రతి కమాండ్‌కు ముందు పాత అమరిక అక్కడ ఒక ఫైలుగా భద్రమవుతుంది. తెరిస్తే, ఏ కమాండ్ నడవడానికి ముందు తయారైందో పై వరుసల్లోనే రాసి ఉంటుంది. ఆ ఫైలును పట్టుకుని వీజీసీఎఫ్‌జీరిస్టోర్ చేశాక వాల్యూమ్ మళ్లీ 200కు వచ్చింది. విడుదలైన చోటులో ఈలోగా ఇంకేదీ రాయలేదు కాబట్టి డేటా చెక్కుచెదరలేదు. రాసి ఉంటే ఈ కథ ఇక్కడ చెప్పేవాడిని కాదు. అప్పటి నుంచి కుదించడానికి కూడా మైనస్ ఆర్ వాడుతున్నాను, ముందు ఫైల్ సిస్టమ్, తరువాత వాల్యూమ్ అనే క్రమాన్ని అదే చూసుకుంటుంది.

ఎక్స్‌టెంట్:
గ్రూప్‌లో ఖాళీ ఉంచడానికి మరో కారణం స్నాప్‌షాట్లు, అంటే వాల్యూమ్ ఒక క్షణంలో ఎలా ఉందో నిలిపి ఉంచే ప్రతులు. అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీస్తే, అసలు వాల్యూమ్‌లో మారిన బ్లాకుల పాత ప్రతులు దానిలో చేరుతూ ఉంటాయి. అది పూర్తిగా నిండితే చెల్లకుండా పోతుంది, ఇక వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఎంత శాతం నిండగానే దానంతటదే పెరగాలో చెప్పే ఆటోఎక్స్‌టెండ్ థ్రెషోల్డ్ ఉంది కానీ, దాని డిఫాల్ట్ విలువ 100, అంటే పనిచేయదని అర్థం. 70కి తగ్గించి పెట్టుకోండి. గ్రూప్‌లో ఖాళీ లేకపోతే అదీ వృథాయే.

రాత్రిషిఫ్టు:
పని పూర్తయింది. రెండు చోట్ల ఇబ్బంది పడ్డాను. నేను లాగిన్ అయిన యూజర్ డైరెక్టరీ హోమ్‌లోనే ఉండటంతో అన్‌మౌంట్ కాలేదు, కన్సోల్ నుంచి రూట్ యూజర్‌గా (అడ్మిన్‌గా) వెళ్లవలసి వచ్చింది. రెండోది నా స్వయంకృతం. బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో హోమ్‌ను ఎప్పుడో యూయూఐడీతో (ఫైల్ సిస్టమ్ గుర్తింపు సంఖ్యతో) రాసుకున్నాను. కొత్త ఫైల్ సిస్టమ్‌కు కొత్త యూయూఐడీ వస్తుందన్నది తట్టక రీబూట్ చేస్తే, సిస్టమ్ పాతదాని కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో దిగింది. ఆ వరుసను వాల్యూమ్ పేరుతో మార్చాను. ఇప్పుడు రూట్ 110, హోమ్ 60, స్వాప్ 8, గ్రూప్‌లో ఖాళీ 298 జీబీ.

పాతకీబోర్డు:
సంతోషం. ఇకముందు మైనస్ ఆర్ మరిచి రూట్‌ను పెంచితే కంగారు పడకండి, ఫైల్ సిస్టమ్‌ను పెంచే ఎక్స్‌ఎఫ్‌ఎస్ గ్రోఎఫ్‌ఎస్ కమాండ్‌ను తరువాతైనా నడపవచ్చు. దానికి మౌంట్ అయిన చోటును ఇవ్వండి.