వరద తీశాక ఎన్నిసార్లు శుభ్రం చేసినా బావి నీళ్లు బాగుపడటం లేదు

మా మంచినీటి బావి ఈ వానాకాలంలో మూడుసార్లు మునిగింది. వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు, అంటే సుమారు 12,500 లీటర్లు.

వరద తీసిన ప్రతిసారీ నీళ్లు తోడించి, బురద ఎత్తించి, మళ్లీ ఊట చేరాక 33 శాతం క్లోరిన్ ఉన్న కొత్త బ్లీచింగ్ పౌడరు 2 కిలోలు కలిపాం. 12 గంటలు కదపలేదు. తర్వాత ఘాటు పోయేదాకా తోడాం. మర్నాడు పరీక్షలో లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంది. మూడో రోజుకు సున్నా. క్లోరిన్ తరగడం మామూలే, కానీ నాలుగో రోజుకల్లా నీళ్లు మట్టిరంగుకు తిరుగుతున్నాయి, పిల్లలకు విరేచనాలు మొదలవుతున్నాయి. కాచి తాగుదామంటే కట్టెలన్నీ తడిసి ఉన్నాయి.

నిన్న టార్చి వేసి చూస్తే, గట్టుకు మీటరు కింద రాళ్ల సందుల్లోంచి బురదనీరు సన్నగా జారుతోంది. అక్కడి సున్నం వేలితో తాకితేనే రాలిపోయింది. మరుగుదొడ్డి గుంత 12 మీటర్ల దూరంలోనే ఉంది, అదే నా భయం.

ఊట ఆగకుండా, పైనుంచి మురికి దిగకుండా ఉండాలంటే లోపలి గోడను ఎంత లోతు వరకు సిమెంటుతో పూడ్చాలి?