అప్‌డేట్: నాన్నకు ఆఫీసు కౌన్సెలింగ్ గురించి అడిగాను కదా

అమ్మ పోయాక నాన్నను కర్నూలు నుంచి బెంగళూరు తీసుకొచ్చామని, ఆయనకు నిద్ర పట్టడం లేదని, ఆఫీసు ఇచ్చే ఉచిత కౌన్సెలింగ్ తల్లిదండ్రులకూ వర్తిస్తుందా, హెచ్‌ఆర్‌కు తెలిసిపోతుందా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మా కంపెనీలో వర్తిస్తుంది. కౌన్సెలింగ్ చేసేది బయటి సంస్థ. ఎంతమంది వాడుకున్నారన్న లెక్క తప్ప హెచ్‌ఆర్‌కు పేర్లు వెళ్లవట. ఆ మాట మెయిల్‌లో తెప్పించుకున్నాను, మీరూ అలాగే చేయండి.

చిక్కల్లా భాషతోనే వచ్చింది. వాళ్ల దగ్గర తెలుగు కౌన్సెలర్ లేరు. ఈ వయసులో నాన్న తన దుఃఖాన్ని ఇంగ్లిష్‌లో ఎందుకు చెప్పుకోవాలి? అందుకే మీలో ఒకరు చెప్పిన టెలి మానస్ 14416కు ఫోన్ చేశాం. మానసిక ఆరోగ్య సాయం కోసం 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది. తెలుగు ఎంచుకున్నాం. మొదట ముక్తసరిగా మాట్లాడిన మనిషి, అమ్మ ప్రస్తావన రాగానే ఆగకుండా చెప్పుకుపోయారు. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. డాక్టరుకు చూపించమని వాళ్లే సూచించారు, ఇప్పుడు ఇక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపిస్తున్నాం.

ఇన్సూరెన్స్ సంగతి అడిగినవాళ్లకు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. కానీ మా పాలసీలో ఏ జబ్బుకైనా ఓపీ ఖర్చులు రావు, ఆసుపత్రిలో చేరితేనే.