ప్రసంగంలో కూలి రేటు మాట్లాడొచ్చా?

టంగుటూరు అబ్బాయి:
అందరికీ వందనాలు. మా సంఘంలో రెండు వారాలుగా ఒక గొడవ నడుస్తోంది. మాది పల్లెటూరి బాప్టిస్టు సంఘం. మొన్నామధ్య మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, బైబిల్లో మత్తయి 20వ అధ్యాయం తీసి ద్రాక్షతోట కూలీల ఉపమానం చెబుతూ మధ్యలో ఆగి, "మన ఊళ్లో పొగాకు పనికెళ్లే ఆడమనిషికి ఎంత ఇస్తున్నారు? మగమనిషికి ఎంత?" అని అడిగారు. అంతా నిశ్శబ్దం. ఆడవాళ్ల వైపు చాప మీద నుంచి ఒకామె కొంగు సర్దుకుంటూ "రెండొందలు తేడా అయ్యగారూ" అంది. ముందు వరసలో కూర్చునే ఒక రైతు లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం కానుక సంచి తేలిగ్గా వచ్చింది. సంఘ పెద్దలు అయ్యగారిని కూర్చోబెట్టి "మీరు వాక్యం చెప్పండి చాలు, కూలి రేట్లు మేం చూసుకుంటాం" అన్నారట. నేనైతే అయ్యగారి వైపే. ఆదివారం విన్న మాట సోమవారం పొలంలోకి రాకపోతే ఇక వినడం దేనికి? మీరేమంటారు?

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:
బాబూ, మీ అయ్యగారి మనసు మంచిదే, కానీ ఎంచుకున్న పాఠం తప్పు. ఆ ఉపమానంలో పొద్దున్నుంచి ఎండలో పనిచేసినవాడికీ, సాయంత్రం అయిదింటికి వచ్చినవాడికీ ఒకే దేనారం, అంటే ఒక రోజు కూలి. అది దేవుని కృప గురించిన మాట. దాన్ని కూలి లెక్కకు వాడితే ఆ రైతు ఇంటికెళ్లి పదిహేనో వచనం తీస్తాడు. "నా సొమ్ము నా ఇష్టం" అన్న అర్థం వచ్చే మాట అందులో యజమానే అంటాడు! అప్పుడు మీ అయ్యగారు ఏం చెబుతారు? కూలి గురించే చెప్పాలంటే యాకోబు 5:4 ఉంది, చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొర పెడుతోందని. లేవీయకాండం 19:13 ఉంది, కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని. అవి తియ్యమనండి. నిత్యజీవితానికి అన్వయించాలన్న తొందరలో వాక్యం మెడ విరవకూడదు.

నెల్లూరు పెయింటరు:
మాస్టారూ, మీ చదువు ముందు నేనెంత. కానీ ఆ ఉపమానంలో నాకు దొరికింది వేరే. సంతవీధిలో ఊరికే నిలబడ్డవాళ్లను "ఎందుకు నిలబడ్డారు" అని అడిగితే "ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదు" అంటారే, అది. నేను పొద్దున ఆరింటికల్లా టిఫిన్ క్యారియరు, బ్రష్షుల సంచి పట్టుకుని అడ్డా మీద ఉంటా. బైకు ఆగితే పదిమందిమి మీద పడతాం. తొమ్మిది దాటితే ఇక ఎవరూ రారు. క్యారియరు మూత తియ్యకుండా ఇంటికి పోవడం ఎట్టా ఉంటుందో చెబితే అర్థం కాదు. ఇరవయ్యేళ్లుగా చర్చికి పోతున్నా, ఒక్క పాస్టరు గారూ ఆ మాట దగ్గర ఆగలేదు. అందరూ చివరి వచనానికి పరిగెత్తారు. కృపే అనుకోండి మాస్టారూ, అది ఎవరి మీద కురిసిందో కూడా చెప్పాలి కదా.

కొండపి రైతు:
లేచి వెళ్లిపోయింది నేను కాదు. నేనున్నా వెళ్లిపోయేవాణ్ణేమో. కౌలు, పుల్లల ఖర్చు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చడం, అన్నీ అప్పు మీదే. వేలం కేంద్రానికి బేళ్లు తీసుకెళితే ఆకు రంగు తగ్గిందని కొనకుండా వదిలేస్తారు. అవే బేళ్లు మళ్లీ ట్రాలీలో వేసుకుని రాత్రికి ఇల్లు చేరతాం. ఆ రోజు నా గురించి ఏ అయ్యగారైనా వాక్యం తీశారా? ఆడకూలి తక్కువన్నది నిజమే, కాదనను. కానీ పుల్పిట్ మీద నుంచి అడిగితే జవాబు చెప్పుకునే చోటు నాకేదీ? అయ్యగారు మా ఇంటికొచ్చి, నులకమంచం మీద కూర్చుని అడిగితే లెక్కంతా విప్పి చూపిస్తా.

సి.ఎస్.ఐ. సభ్యురాలు:
మాది సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం. మా దగ్గర ఆ వారం చదవాల్సిన పాఠాలు ముందే ఆల్మనాక్‌లో, అంటే సంఘం వాళ్ల సంవత్సర క్యాలెండరులో, ఉంటాయి. నన్ను ఉద్దేశించే ఈ వాక్యం తీశారని ఎవరూ అనలేరు. మీరు కూడా అలా వరసగా చదివితే సగం గొడవ తగ్గుతుంది.

టంగుటూరు అబ్బాయి:
అక్కా, మా దగ్గర అయ్యగారే ఎంచుకుంటారు. అదే మా బలం, అదే మా బలహీనత. రైతన్నా, మీ మాట ఆలోచించాల్సిందే. కానీ ఆ ఆడమనిషి కూడా అయ్యగారు అడిగేదాకా నోరెత్తే చోటు లేకుండానే కూర్చుంది కదా.

జ్యూయెట్ చర్చి వీధి:
వాక్యం వేరు, కూలి వేరు అనేవాళ్లు మన జిల్లా చరిత్ర మరిచిపోయారు. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్లు కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. ఆయన బోధకులే పని చూసే మేస్త్రీలు. పని ఆపి కూర్చున్న వేళ వాళ్లు చెప్పిన వాక్యం "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా". మట్టి తట్ట ఇప్పుడే దించినవాడికి ఇంకేం వివరించాలి?

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:
మిగతా సగం కూడా చెప్పండి. కరువు పని నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి కోసం, గింజల కోసం చేరారన్న మాట రాకూడదని. ఆ సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. అంటే రెండూ కలిపితే వచ్చే ప్రమాదం ఆయనకు తెలుసు.

జ్యూయెట్ చర్చి వీధి:
ఆయన వేరు పెట్టింది బాప్తిస్మాన్ని, వాక్యాన్ని కాదు మాస్టారూ.

ఒక పాస్టరమ్మ, నెల్లూరు జిల్లా:
అయ్యగార్ల ఇళ్లలో శనివారం రాత్రి ఏం జరుగుతుందో కూడా చెప్పనివ్వండి. మావారు ప్రసంగం రాసుకుంటూ ఒక వాక్యం కొట్టేస్తారు. నేను ఎందుకంటే "ఆయన నొచ్చుకుంటాడు" అంటారు. ఆ నొచ్చుకునే ఆయన కానుకతోనే మా ఇంట్లో బియ్యం. ఇది మా తప్పే, ఒప్పుకుంటున్నా. మా అమ్మ పెళ్లికి ముందు కోవూరు చేలల్లో పరిగె, అంటే కోత అయ్యాక మిగిలిన కంకులు, ఏరింది. బైబిల్లో పరిగె ఏరుకున్న రూతు కథ చదివితే ఆమెకు కళ్లనీళ్లే. ఎన్ని ప్రసంగాలు విన్నానో, అన్నిట్లో ఆ పొలం యజమాని బోయజు క్రీస్తుకు సాదృశ్యం. చేను గట్టున వదిలిన గింజ మాట ఎవరూ ఎత్తరు. ఇప్పుడు మిషను కోతలు, మా పిల్లలకు పరిగె అన్న మాటే తెలియదు. పోయినసారి స్త్రీల కూటంలో రూతు రెండో అధ్యాయం నేనే చెప్పా. ముందు "మీలో పరిగె ఏరినవాళ్లు ఎవరు?" అని అడిగా. ఏడుగురు చేతులెత్తారు. తర్వాత గంటసేపు నేను మాట్లాడాల్సిన పనే లేకపోయింది. నింద వెయ్యకుండా అడిగితే మనుషులే చెబుతారు. రైతన్న చెప్పిన నులకమంచం మాట నిజం. మావారికి చదివి వినిపించా.

రిటైర్డ్ మాస్టారు, ఒంగోలు:
రూతు అయితే నాకు అభ్యంతరం లేదమ్మా. అక్కడ పొలం పొలమే.

టంగుటూరు అబ్బాయి:
ఇదంతా అయ్యగారికి చూపించా. మత్తయి 20:15 దగ్గర చాలాసేపు ఆగారు, "మాస్టారు పట్టేశారు" అని నవ్వారు. నిన్న సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ఆ రైతు ఇంటికి వెళ్లారు. ఆయన మంచం వాల్చాడు, మాటైతే కలపలేదు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి, "ఆ రెండొందల సంగతి ముందు నన్నడగండి అయ్యగారూ, డబ్బు చేతికిచ్చేది నేను" అంది.

కొండపి రైతు:
అయితే మీ అయ్యగారు ఇంకో నాలుగుసార్లు పోవాలి.