బొమ్మ గీసిందా, రాసిందా?

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒకామె మీద మన గ్రూపులోని అక్క ఒకరు కవిత రాశారు. మధ్య ముక్క పెడుతున్నా:

కరక్కాయ పాలలో తడిసిన గుడ్డ మీద
రాముడి మొహం రాసిందామె
కింద మూల రాసిన పేరు మాత్రం
ఆమెది కాదు

రెండో పాదంలో ‘రాసింది’ తప్పనీ, ‘గీసింది’ అనో ‘వేసింది’ అనో దిద్దమనీ ఇద్దరు చెప్పారు. బొమ్మను రాయడమేంటి? తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళు చెప్పండి.

— బడిలో పిల్లలకు ‘బొమ్మ గీయండి’ అనే చెప్తాం సార్. ‘చిత్రించింది’ అని పెడితే ఏ గొడవా ఉండదు.

— దిద్దొద్దక్కా. కలంకారీ అన్న పేరు పార్శీ నుంచి వచ్చింది. కాళహస్తిలో ఈ పనికి పాత పేరు వ్రాతపని. పెడన, మచిలీపట్నం వైపు అచ్చులతో అద్దుతారు కాబట్టి అది అద్దకం. ఇక్కడ కలంతో చేస్తారు కాబట్టి వ్రాత. ఆ కలం వెదురుపుల్లే. దానికి గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. చుట్టిన చోట వేళ్ళతో నొక్కితే కసిం దిగుతుంది. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరేస్తే వచ్చేదే కసిం. గుడ్డకు పట్టిన కరక్కాయకు అది తగలగానే నల్లబడుతుంది. ముందుగా చింతబొగ్గుతో వేసుకున్న గీతనైతే దులిపేయొచ్చు, కసింతో పడింది పోదు. బొగ్గుతో గీసిందనండి, ఒప్పుకుంటా. కలం పట్టాక అది రాతే.

ఇదంతా పక్కన పెట్టినా, మూడో పాదం చూడండి. పేరు కూడా ‘రాసిందే’. మొహం రాసింది ఒకరు, పేరు రాసుకున్నది ఇంకొకరు. కవిత నిలబడింది ఆ ఒక్క క్రియ మీదే. పైన ‘చిత్రించింది’ అని మార్చి కింద ‘రాసిన’ అని వదిలేస్తే ఆమెకు జరిగిన అన్యాయం కాస్తా మామూలు సమాచారమైపోతుంది.

— సంస్కృతంలో లిఖ్ ధాతువూ అంతే కదా, రాయడానికీ బొమ్మకీ ఒకటే. చివర ‘కలియుగ చిత్రలేఖ’ అని ఒక పాదం చేరిస్తే నిండుగా ఉంటుందేమో!

— బరువెక్కుతుంది సార్. అయినా చిత్రలేఖను తలిచారు కాబట్టి ఒక మాట. ఆమె ఉష చెలికత్తె. భాగవతం దశమస్కంధంలో, ఉషకు కలలో కనబడినవాడెవరో కనిపెట్టడానికి ఆమె దేవతల్నీ, గంధర్వుల్నీ, యక్షుల్నీ, చివరికి యాదవుల్నీ వరసగా రాస్తుంది. ప్రద్యుమ్నుడి బొమ్మ చూసి ఉష సిగ్గుపడిందని ఉంది, అనిరుద్ధుడి బొమ్మ చూసి తల వంచుకుందనీ ఉంది. రాసినామె పనితనానికి దక్కింది మాత్రం ‘యథాలిఖత్’. ఉన్నవాళ్ళను ఉన్నట్టు రాసింది, అంతే! కలలో కనబడినవాణ్ణి బొమ్మలో గుర్తుపట్టేలా రాసిందంటే ఆ చెయ్యి ఎలాంటిదై ఉండాలి? ఆ తర్వాత ద్వారకకు వెళ్ళి, నిద్రపోతున్న అనిరుద్ధుణ్ణి తెచ్చి ఉషకు చూపిస్తుంది. ఇక ఆమెతో కథకు పనిలేదు. నన్నడిగితే చిత్రలేఖ మీద విడిగా ఒక కవిత రావాలి, దీనికి తోకగా వద్దు.

— పేరు పోగొట్టుకున్న వాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉన్నారండీ. హాలండ్‌లోని హార్లెం ఊళ్ళో జూడిత్ లీస్టర్ అని ఒక చిత్రకారిణి. 1633 నాటికే అక్కడి చిత్రకారుల సంఘంలో సభ్యురాలు. 1660లో ఆమె పోయాక బొమ్మలు ఫ్రాన్స్ హాల్స్ అనే పేరున్న చిత్రకారుడి పేరు మీద చెలామణి అయ్యాయి. 1893లో, హాల్స్‌దని అమ్మిన ఒక బొమ్మ మీద ఆమె పొడి అక్షరాలూ, పక్కన నక్షత్రం గుర్తూ బయటపడ్డాయి. అక్క రాసిన చివరి రెండు పాదాలు ఆమెకూ అతుకుతాయి.

— కవిత నాదే. ‘రాసింది’ ఉంచేస్తున్నా. ముగింపులో ‘అదే ఆమె తలరాత’ అని ఇంకో పాదం ఉంది. పెట్టాలా వద్దా అని టెన్షన్.

— తీసెయ్యండక్కా. పేరు మార్చింది మనుషులు. తలరాత అంటే వాళ్ళు హాయిగా తప్పించుకుంటారు. ఇంకొకటి, ‘కరక్కాయ పాలలో’ అంటే కరక్కాయకే పాలున్నట్టు వస్తోంది. గుడ్డను తడిపేది కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో కదా. ‘కరక్కాయా పాలూ తాగిన గుడ్డ మీద’ అని మార్చి చూడండి.